మూడు ఐసుల దూరం

కళింగపట్నంలో చేపలమ్మే తాతమ్మకి కిలోమీటర్లు బుర్రకెక్కవు. దూరమంటే ఆవిడకి గంపలో ఐసు కరిగే లెక్కే. శ్రీకాకుళం పావు ఐసు, నెల్లిమర్ల అర ఐసు, మూడు గంటల దారైన కొత్తవలస ఒక ఐసు. గంపెత్తేముందు ఐసుమీద అరచెయ్యి ఆనించి, తడి కొంగుకి తుడుచుకుని మరీ బయల్దేరుతుంది. మొగుడు అప్పలసూరి మాత్రం ఆ లెక్కకి అందని దోహాలో, మూడేళ్లుగా ఓడరేవు పనిలో ఉన్నాడు. ఎప్పుడు రమ్మన్నా "ఇదేటి పక్కూరనుకున్నావేటే? సముద్రాలు దాటి రావాల!" అంటాడు. పాపం, నిజమే కాబోలనుకునేది. నిన్న ఆటో వినోద్ ఫోన్లో చూసి చెప్పాడు: "విశాఖ నుంచి మూడువేల కిలోమీటర్ల పైనే అత్తా. మద్దెలో విమానం మారినా తొమ్మిది గంటలే." తాతమ్మ వేళ్లు ముడిచి లెక్కేసుకుని, వెంటనే దోహాకి ఫోన్ కలిపింది. "మావా, మూడు ఐసులేస్తే సేపే సెడిపోకుండా వచ్చేస్తాది. నీకు మూడేళ్లు సాల్లేదేటి?"