మా బావ చూడని లైట్‌హౌస్

పోర్టులో క్రేన్ నడిపే మా బావ పోయిన నెల నాకో జపాన్ మాంగా ఇచ్చాడు. అంటే బొమ్మల కథ. సరుకుతో వచ్చిన ఓడలో వంటాయన తనకిచ్చాడట. అట్ట మీదే "ధైర్యం లేనివాళ్లు తెరవద్దు" అని ఇంగ్లీషులో హెచ్చరిక. ఇవాళ ఆదివారం కదా అని మధురవాడలో మా గదిలో కూర్చుని పూర్తి చేశాను.

కథలో ఒక లైట్‌హౌస్. లోపలికి వెళ్లిన మనుషులు తిరిగి రారు, వాళ్ల నీడలు మాత్రం మెట్లు దిగి ఊళ్లోకి వస్తాయి. సగం దాకా చేతిలో టీ చల్లారిపోయిన సంగతే తెలియలేదు. తీరా చివర్లో ఆ నీడలన్నీ తప్పైపోయిందని ఏడ్చి, మనుషుల్ని వెనక్కి తెచ్చి, బుద్ధిగా వాళ్ల కాళ్ల కిందికి చేరిపోయాయి. ఈమాత్రం దానికి అంత హెచ్చరికా?

ఒళ్లు మండి బావకి మిస్డ్ కాల్ ఇచ్చాను. వెంటనే తిరిగి చేసి, తనే ముందు అడిగాడు.

"సదివీసినావా! ఆ నీడలు సివరికి ఏటైపోనాయి బావా?"

"అదేటి, నువ్వు సదవనేదా?"

"సగంలో భయమేసి ఆపీసినాను. ఇప్పటికీ డ్యూటీకెల్తే యారాడ కొండ మీద లైట్‌హౌస్ వైపు సూడను. తల దించుకునే ఎల్తన్నాను."

తిడదామనుకున్నవాణ్ణి ఆగిపోయాను. ఆ పుస్తకం అట్ట మీద ఇచ్చిన మాట నిలబెట్టుకున్నది మా బావ ఒక్కడి దగ్గరే.

"నాను సెప్పనేను బావా. ఆపీసి మంచి పని సేసినావు," అన్నాను.

"సెప్పు బావా," అని అవతల బతిమాలుతూనే ఉన్నాడు.

ముగింపు చెప్పేయమంటారా, ఆ ఒక్క భయాన్నైనా ఉండనిమ్మంటారా?