అత్తగారు గాలించిన వేడినీళ్ళ తొట్టి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ టీవీ కాస్త తగ్గించండి, నా గొంతు పెద్దది కాదు. మా ఫ్రీమాంట్ ఇంటి పెరట్లో వేడినీళ్ళ తొట్టిని ఎలా బాగుచేసుకున్నామో చెబుతాను.

ఎనభైలు సగం దాటిన రోజులు. మేం కొనేటప్పటికే ఆ ఇంటి వెనక తొట్టి ఉంది. స్పా అంటారు ఈ దేశంలో. నలుగురు కూర్చునేంత గుండ్రటి తొట్టి, లోపల చుట్టూ అరుగు, నీళ్ళు కాచి తిప్పడానికి ఒక మోటారు. మాకు దాంతో పనేముంది? మూత వేసి, ఆ మూత మీద వడియాలు ఎండబెట్టుకునేదాన్ని.

మా అత్తగారు మన ఊరి నుంచి వచ్చాక దానికి పని పడింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. కుర్చీలోంచి లేవాలంటే నేనూ మావారూ చెరో చెయ్యీ పట్టుకోవాలి. డాక్టరు చూసి, రోజూ వేడినీళ్ళలో కూర్చుని కాళ్ళు ఆడించమన్నాడు. ఆవిడ వింటేనా!

"ఆరుబయట, పట్టపగలు, నన్ను తొట్లో కూర్చోమంటావుట్రా?" అని కొడుకుని కసిరింది.

ఆయన కంచె పొడుగునా చాపలు కట్టారు. కట్టుకుని దిగడానికి నేను పాత నేతచీర తీసిచ్చాను. బతిమాలగా బతిమాలగా ఒక ఆదివారం సరేనంది.

సరే అంది గానీ, ఉత్తినే నీళ్ళలోకి దిగుతుందా? ఆదివారం వేడినీళ్ళంటే మాకు తలంటే. ఒంటినిండా నువ్వులనూనె పట్టించుకుని, గిన్నెడు సున్నిపిండి పక్కన పెట్టుకుని మరీ దిగింది. నేను వెనక కూర్చుని వీపు రుద్దాను. అందులో అలా చెయ్యకూడదని మాకెవరు చెప్పారు? బయటికొచ్చాక ఎవరినీ పట్టుకోకుండా నాలుగడుగులు వేసి, "అమ్మాయ్, ఈ కాళ్ళు నావేనే!" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో.

మర్నాడు వెళ్ళి చూస్తే ఏముంది! పైన నూనె తెట్టు, నురగ. అడుగంతా సున్నిపిండి బురద. అది చాలదన్నట్టు పక్కింటి నీలగిరి చెట్టు ఆకులు. ఫిల్టరు పూడుకుపోయి మోటారు మూలిగి ఆగిపోయింది. మావారు వంగి చూసి, "ఏమోయ్, ఇందులో పోపొక్కటే తక్కువ" అన్నారు.

ఆయన సరదాకే అన్నారు. అత్తగారికి మాత్రం గుచ్చుకుంది. "నా వల్లే పాడయింది కదూ. ఇక అందులో అడుగు పెడితే ఒట్టు" అని మళ్ళీ కుర్చీలో కూలబడింది. ఆ నీళ్ళు బాగుపడకపోతే ఆవిడ మోకాళ్ళు బాగుపడవని మా ఇద్దరికీ బెంగ. అన్నీ పారబోసి కొత్తనీళ్ళు పడదామంటే ఆ ఏడు వానల్లేవు, నీళ్ళు పొదుపుగా వాడమని అందరూ చెబుతున్నారు.

ఆయన కొట్టుకెళ్ళి, పొడుగు కర్రకి బిగించిన వల ఒకటి, చేత్తో లాగే గొట్టం ఒకటి తెచ్చారు. మోటారుకి తగిలించి పీల్చేది కూడా ఉందిట. "మన మోటారుకే ఊపిరాడట్లేదు, దానికి ఇంకో పైపు కూడానా?" అని అది వదిలేశారు.

వలకి ఆకులొచ్చాయి, పిండి రాలేదు, జల్లెడలోంచి జారినట్టు జారిపోయింది. నేను పాత పంచె నీళ్ళ మీద పరిచి లాగితే నూనె తెట్టు దానికి అంటుకొచ్చింది. ఇక మిగిలింది అడుగున పిండి. ఆ గొట్టం పెద్ద పిచికారీ లాంటిది. పిడి లాగితే అడుగునున్నది పీలుస్తుంది, దానికున్న సంచీలో మడ్డి ఆగి నీళ్ళు తొట్లోకే పోతాయి. బాగానే ఉంది గానీ, పిండి అడుగంతా పరుచుకుని ఉంది. ఒకచోట లాగితే ఇంకోచోట లేచి నీళ్ళలో కలిసిపోతోంది. మావారు లుంగీ ఎగ్గట్టి చుట్టూ తిరుగుతూ పొడుస్తున్నారు.

వరండాలో కుర్చీలోంచి అత్తగారు చూసి చూసి, "ఒరే, ఆ పొడవడమేంట్రా? పప్పులో ఇసకుంటే ఒక్కో రేణువూ ఏరతామా? నీళ్ళలో తిప్పి గాలిస్తాం" అంది.

"ఇది పప్పుగిన్నె కాదమ్మా, తొట్టి."

"గిన్నె పెద్దదయితే ఇసక్కేం తెలుస్తుందిరా?"

నేను వలకర్ర తీసుకుని అటూ ఇటూ తిప్పాను. నీళ్ళన్నీ తెల్లగా అయిపోయాయి. "అమ్మాయ్, అది గాలించడమా, మజ్జిగ చిలకడమా? వదిలెయ్, తేరనీ" అంది.

కాఫీలు తాగి వచ్చేసరికి పిండి మళ్ళీ అడుక్కి దిగింది. ఈసారి ఆవిడే లేపమంది. చెరో చెయ్యీ పట్టుకుని తీసుకెళితే, తొట్టి అంచు మీద కూర్చుని, ఆనుకోడానికి రెండు కాళ్ళూ లోపలి అరుగు మీద పెట్టింది. కర్ర అందుకుని ఒకే వైపుకి, అంచు వెంబడి, నింపాదిగా తిప్పింది. నీళ్ళు గుండ్రంగా తిరగడం మొదలెట్టాక కర్ర పైకి తీసేసింది. చూద్దును కదా, చుట్టూ ఉన్న పిండి అంతా నడిమధ్యకి జరిగి ముద్దలా చేరింది!

"ఇప్పుడు పెట్టు నీ గొట్టం."

ఆయన పెట్టి లాగారు. సంచీలోకి మడ్డి బుసబుసా వచ్చింది. ఆ గొట్టం లేకపోతే అది పైకి వచ్చేదీ కాదు, ఆవిడ తిప్పకపోతే ఒక్కచోటికి చేరేదీ కాదు. లాగుతూ లాగుతూ ఆయన ఆగి, "అమ్మా, ఒట్టు పెట్టుకున్నావు. కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి" అన్నారు.

"నేను స్నానానికి దిగానా? పని చేస్తున్నాను. నువ్వు లాగు."

నేను నవ్వు ఆపుకోలేక ఫిల్టరు కడిగే వంకన అవతలికి పోయాను.

ఫిల్టరు శుభ్రమయ్యాక మోటారు మళ్ళీ తిరిగింది. ఆ తర్వాత నూనే, సున్నిపిండీ ఇంట్లో బాత్‌రూమ్‌లోనే. కానీ రోజూ సాయంత్రం అయ్యేసరికి, "అమ్మాయ్, ఆ కర్ర ఇలా అందుకో, గాలించాలి" అనేది. తొట్లో ఒక్క ఆకు కూడా ఉండేది కాదు. మేమెవ్వరం ఆ మాట అనేవాళ్ళం కాదు. మొదట పాదాలు, తర్వాత మోకాళ్ళు, చివరికి నడుం దాకా దిగి, కర్ర ఒళ్ళో పెట్టుకుని, "ఇక్కడ ఇంకా కాస్త ఉందే" అంటూ చీకటి పడేదాకా కూర్చునేది.

ఇంతసేపు విన్నారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి తిరుగుతూ ఉండాలి. కోపాలొచ్చినా కాఫీ చల్లారేలోపు పోవాలి. పిల్లాపాపలతో మీ ఇల్లు కళకళలాడాలి తల్లీ.