కారులో నా వాటా

చాలా ఏళ్ళుగా ఒక విషయం మోస్తున్నాను. మోసి మోసి విసిగిపోయాను. పశ్చాత్తాపం అని పెద్ద మాట అనను, అంత మంచివాణ్ణి కాను. అలసట అనుకోండి, చాలు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీకు చెప్పడం సులువు. పేరు మాత్రం అడక్కండి.

కాలేజీలో ఉన్నప్పుడు నాకు స్పోర్ట్స్ కారు ఉండేది. సరిగ్గా చెప్పాలంటే సగం కారు. మిగతా సగం బాబ్లూది. బాబ్లూ నా క్లాస్‌మేట్, బాలీగంజ్‌లో పెద్ద వకీలు కొడుకు. నేను గార్డెన్ రీచ్‌లో డాక్ కూలీల లైన్లలోంచి రోజూ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ కాలేజీకి వచ్చేవాణ్ణి. అలాంటివాడు ఒక రోజు ఎర్ర కారు దిగేసరికి అందరూ అడిగారు, ఎలా కొన్నావురా అని. ట్యూషన్లు చెప్పానన్నాను. నమ్మారు. ట్యూషన్లు చెప్పి ఈ కలకత్తాలో ఎవడైనా కారు కొన్నాడా? ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వొచ్చాక నోరు చేదవుతుంది.

ఎలా కొన్నానో ఇప్పుడు చెబుతాను.

మా నాన్న శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి డాక్ పనికి వచ్చినవాడు. నాన్న, ఆయన వెనకే అమ్మ పోయాక నన్ను చదివించింది అన్న. అన్న కూడా డాక్‌లోనే, ఓడల్లోంచి సరుకు దించే ముఠాలో. ఇంట్లో అన్న, వదిన, రెండేళ్ళ పాప, నేను. రెండు గదులు. నేను చదువుకుంటుంటే వదిన గిన్నెలు చప్పుడు కాకుండా కడిగేది. చదువంటే ఆవిడకి దేవుడి గదిలో పని లాంటిది. నేనేం చదువుతున్నానో ఒక్కనాడూ అడగలేదు. పుస్తకం లోపల చాలాసార్లు కార్ల బొమ్మలున్న పాత పత్రిక ఉండేది.

ఆ కారుని బాబ్లూయే చూపించాడు. అలీపూర్‌లో ఒక పాత దొరల బంగళా. వెనక షెడ్డులో టార్పాలిన్ కింద పడుంది. విలాయతీ బండి, రెండే సీట్లు, పైకప్పు మడిచేయొచ్చు. ఆ ఇంటివాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోతున్నారు, దుర్గాపూజల్లోగా ఎంతకో అంతకి అమ్మేస్తారు. సగం నేను పెట్టుకుంటాను, సగం నువ్వు పెట్టుకో అన్నాడు బాబ్లూ, సినిమా టికెట్టు గురించి మాట్లాడుతున్నట్టు. నేను ఆ స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. దుమ్ము వాసన, పాత తోలు వాసన. లేచి రావడానికి మనసొప్పలేదు. నా దగ్గర డబ్బు లేదని చెప్పడానికి అంతకంటే మనసొప్పలేదు. సరే అన్నాను.

ఆ వానాకాలంలోనే అన్న పోయాడు. క్రేన్ ఎత్తుతున్న మూటల వల తెగి మీద పడింది. దాని గురించి ఎక్కువ రాయలేను. ఒకటి మాత్రం చెప్పాలి. ఏడ్చాను. నిజంగా ఏడ్చాను. ఆ ఏడుపు దొంగది కాదు. మనిషి ఒక పక్క ఏడుస్తూనే ఇంకో పక్క లెక్కలు వేసుకోగలడని నాకు అప్పుడే తెలిసింది.

మా లైన్లలో ఒక పద్ధతి ఉండేది. ఉద్యోగం మనిషిది కాదు, ఇంటిది. తండ్రి పోతే కొడుక్కి, కొడుకు లేకపోతే తమ్ముడికో అల్లుడికో వెళ్ళాలి. కులపెద్దలు కూర్చుని ఎవరికో చెప్పేస్తారు. కాగితం మీద ఒకడి పేరు ఉంటుంది, మూట మోసేది ఇంకొకడు. ఊళ్ళో పొలం చేసుకుంటున్నవాడి పేరు మీద ఇక్కడ డాక్‌లో ఎవడో చెమటోడుస్తుండేవాడు. ముఠా సర్దారుకి తెలుసు, అందరికీ తెలుసు. దాన్ని ఎవరూ మోసం అనుకునేవారు కాదు. అన్న దినం అయిన మర్నాడే సర్దారు నన్ను పక్కకి పిలిచాడు. నీ పేరు మీద ఉద్యోగం రాయించుకో, చదువు మానక్కర్లేదు, నీ బదులు పని చేయడానికి మనిషి సిద్ధంగా ఉన్నాడు, నెలనెలా జీతంలో వాటా ఇస్తాడు, ముందుగా సలామీ కూడా ఇస్తాడు అన్నాడు. సలామీ అంటే ఇక్కడ ఇల్లో దుకాణమో చేతులు మారేటప్పుడు ముందే ముట్టజెప్పే మొత్తం. ఎంతో చెప్పాడు. ఆ మొత్తం వినగానే నాకు వదిన గుర్తు రాలేదు. పాప గుర్తు రాలేదు. షెడ్డులో టార్పాలిన్ గుర్తొచ్చింది.

డాక్ ఆఫీసుకి వదిన కూడా వచ్చింది. గేటు బయట గోడ నీడలో పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. బంగ్లా రాదు, ఇంగ్లీషు రాదు, నువ్వే అడుగు బాబూ అంది. లోపల గుమాస్తా మంచివాడు. అది కూడా చెప్పాలి, ఎందుకంటే ఇన్నేళ్ళూ వాడు కసిరాడనీ, తొందరపెట్టాడనీ నాకు నేనే కథ అల్లుకున్నాను. అలాంటిదేం లేదు. కుర్చీ చూపించాడు. అన్న గురించి రెండు మాటలు బాధగా అన్నాడు. తర్వాత చెప్పాడు, ముందు భార్యకే హక్కు అని. చదువు లేకపోయినా ఫరవాలేదు, డాక్ ఆస్పత్రిలో ఆయా పని ఖాళీగా ఉంది, క్వార్టర్ కూడా ఉంటుంది, ఆవిడ వచ్చి ఉంటే పిలవండి అన్నాడు.

కిటికీలోంచి వదిన కనిపిస్తోంది. పాపకి ఎండ తగలకుండా కొంగు పట్టుకుని ఉంది. నేను లేచి బయటికి వచ్చాను. గది నుంచి గేటు దాకా నడిచినంతసేపూ ఏం చెప్పాలో నాకు తెలుసు. నోరు జారింది అనడానికి వీల్లేదు. నోరు జారలేదు.

"ఏటన్నారు బాబూ?" అంది.

"ఆడోల్లకి ఇవ్వరంట వదినా. మగోల్లకేనంట."

పాపని ఈ భుజం మీంచి ఆ భుజం మీదకి మార్చుకుంది. కాసేపు గేటు వైపు చూసింది. ఆస్పత్రిలో ఆయాలుగా చేసే ఆడవాళ్ళు మా లైన్లలోనే ఇద్దరున్నారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. అడుగుతుందేమో అనుకున్నాను. అడిగితే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలీదు. అడగలేదు.

"పోన్లే. నీ పేరున రాయించీ. నువ్వు నేవా ఏటి మాకు?"

అంతే. ఆవిడకి పని చేయడం ఇష్టం లేదని గుమాస్తాకి చెప్పి కాగితం తెచ్చాను. అభ్యంతరం లేదని ఆవిడ దాని మీద వేలిముద్ర వేసింది. అందులో ఏముందని కూడా అడగలేదు. మరిది చదివాడు కదా.

కారు వచ్చింది. బాగుందా అంటే, బాగుంది. అబద్ధం చెప్పను. రెడ్ రోడ్డు మీద పైకప్పు తీసేసి వెళ్తుంటే పక్క కార్లలోని పెద్దవాళ్ళు తల తిప్పి చూసేవారు. అప్పటిదాకా నన్నెవరూ అలా చూడలేదు. ఆ చలికాలం నేను సంతోషంగా ఉన్నాను. అన్న పోయిన ఏడాది, అన్న భార్య నోటి దగ్గర అన్నం తీసి కొన్న కారులో నేను సంతోషంగా ఉన్నాను. సంతోషం సిగ్గులేనిదని ఎవరైనా అంటే నేను సాక్ష్యం చెబుతాను.

ఒకసారి బాబ్లూ ముచ్చటపడి బండిని మా లైన్ల దాకా తీసుకొచ్చాడు. పిల్లలు మూగారు. వదిన గుమ్మంలోకి వచ్చింది. కారు ఎవరిదని అడిగితే బాబ్లూదని చెప్పాను. బాబ్లూకి తెలుగు రాదు, నవ్వుతూ నిలబడ్డాడు. మా బాబు ఎక్కే బండి కదా, దిష్టి తగులుతుంది అని వదిన లోపలికి వెళ్ళి కొబ్బరికాయ, నిమ్మకాయలు తెచ్చింది. తెచ్చి తన చేత్తో కొట్టలేదు. ఎదురింటి ముత్తైదువని పిలిచి ఆమె చేతిలో పెట్టింది. "నాను కొట్టకూడదు బాబూ," అని దూరంగా గోడ దగ్గరికి వెళ్ళి నిలబడింది. చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. బాబ్లూ హారన్ కొట్టాడు. పిల్లలు కేకలేశారు. అక్కడ చెప్పేయాల్సింది. వదినా, ఇది నీ ఉద్యోగం అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. కొబ్బరిముక్క నములుతూ కూర్చున్నాను.

మరుసటి వానాకాలానికి కప్పు కారడం మొదలైంది. విడిభాగాలు దొరకలేదు. బాబ్లూకి మోజు తీరిపోయింది, పై చదువుకి బొంబాయి వెళ్ళిపోయాడు. కారుని తుక్కువాడికి అమ్మాం. నా వాటాగా వచ్చినది చొక్కా జేబులో పట్టింది.

నెలనెలా వచ్చే జీతం వాటా మాత్రం వదిన చేతిలోనే పెట్టేవాణ్ణి. అది చూసి లైన్లలో అందరూ నన్ను మెచ్చుకునేవారు. మరిదంటే ఇలా ఉండాలి అని తమ కొడుకులకి నన్ను చూపించేవారు. నేను వద్దనలేదు. ఆ మెప్పు తీసుకోవడం, ఆ అబద్ధం కంటే చిన్న తప్పా, పెద్ద తప్పా? చాలాసార్లు తేల్చుకోవాలని చూశాను. తేలలేదు. నాకు బీకామ్ అయింది, వేరేచోట గుమాస్తా ఉద్యోగం దొరికింది, పెళ్ళయింది. కొన్నాళ్ళకి డాక్‌లో తనిఖీలొచ్చాయి. పేరొకరిది పని ఇంకొకరిది అయినవన్నీ కొట్టేశారు. నా పేరూ పోయింది. అన్న ఉద్యోగం అలా ఎవరికీ కాకుండా పోయింది. వదిన అలీపూర్ ఫ్లాట్లలో అంట్లు తోమే పనికి కుదిరింది. మోకాళ్ళు అరిగిపోయేదాకా తోమింది. నేను వీలైనప్పుడల్లా ఎంతో కొంత ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ చల్లగా ఉండు బాబూ అంది. ఆ దీవెన తప్పించుకోడానికి కొన్ని నెలలు మా ఆవిడ చేత పంపించాను.

నాకు నేను చాలా చెప్పుకున్నాను. ఆస్పత్రి పని ఆవిడ చేయలేకపోయేది అనుకున్నాను. చిన్న వయసు విధవరాలు, నలుగురి నోళ్ళలో పడేది అనుకున్నాను. పెద్దలు ఎలాగూ నాకే ఇమ్మనేవారు అనుకున్నాను. ఇవన్నీ నిజం కావచ్చు కూడా. కానీ గేటు దగ్గరికి నడుస్తున్నప్పుడు వీటిలో ఒక్కటీ నా బుర్రలో లేదు.

ఇప్పుడు వదిన టికియాపారాలో కూతురి దగ్గర ఉంటోంది. అల్లుడు రైల్వేలో పని చేస్తాడు. ఆవిడకి పెన్షన్ లేదు, క్వార్టర్ లేదు, తనదంటూ ఏమీ లేదు. కిందటి చలికాలం విధవరాళ్ళకి ఏదో భత్యం ఇస్తున్నారంటే ఆవిడని వెంటబెట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్ళాను. బల్ల వెనక చిన్న వయసు బెంగాలీ అమ్మాయి. వివరాలు అడుగుతూ అడుగుతూ ఆగింది. మీ ఆయన డ్యూటీలో పోయారు కదా మాసీ, మరి ఆ ఉద్యోగం మీరెందుకు తీసుకోలేదు, అప్పుడు కూడా ముందు భార్యలకే ఇచ్చేవారు కదా అంది.

ఇప్పుడు వదినకి బంగ్లా నాకంటే బాగా వచ్చు. ఇన్నేళ్ళు ఆ ఇళ్ళలో పనిచేసింది మరి. ప్రతి ముక్కా అర్థమైంది. అయిపోయింది, ఇక దాచక్కర్లేదు అనిపించింది. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం హాయిగా అనిపించింది.

వదిన ఆ పిల్ల మీద కోప్పడింది. నీకేం తెలుసమ్మా, నిన్న గాక మొన్న పుట్టావు, ఆడవాళ్ళకి ఇచ్చేవారు కాదు, నా మరిది చదువుకున్నవాడు, ఆయనే లోపలికెళ్ళి అడిగొచ్చాడు, నా కోసం ఎండలో తిరిగాడు అని గట్టిగా అంది. వెనక వరసలో వాళ్ళు కూడా తొంగి చూశారు. ఆ అమ్మాయి నొచ్చుకుని నా వైపు తిరిగింది. అంతేనా దాదా అని అడిగింది.

నేను తలూపాను.

మొదటిసారి కారు కోసం అబద్ధమాడాను. కుర్రతనం అని మీరు జాలి పడొచ్చు. రెండోసారి ఎందుకు? కారు లేదు, సలామీ లేదు, ఎదురుగా నన్ను వెనకేసుకొస్తున్న ముసలావిడ తప్ప ఏమీ లేదు. అయినా తలూపాను. బయటికి వచ్చాక వదిన ఆ పిల్లని తిడుతూనే ఉంది. ఆటో ఎక్కేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. మోకాళ్ళ వల్ల.

అప్పటి నుంచి నిద్ర సరిగ్గా లేదు. ఎవరికైనా చెప్పాలి. ఆవిడకే చెప్పాలని మీరంటారు. తెలుసు. రెండుసార్లు టికియాపారా దాకా వెళ్ళాను కూడా. టీ తాగి, చెప్పకుండా వచ్చేశాను. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. వదినకి అక్షరాలు రావు. ఆవిడ కూతురు బంగ్లా బడిలో చదివింది, మనవడు ఇంగ్లీషు బడిలో చదువుతున్నాడు. నా పిల్లలకీ తెలుగు మాట్లాడటమే వచ్చు. మా నాన్న తిట్టి కొట్టి నేర్పించబట్టి, మొత్తం మా కుటుంబంలో తెలుగు చదవగలిగినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. బంగ్లాలో రాస్తే ఎప్పుడో ఒకప్పుడు ఆ పాప కంట పడుతుంది. అందుకే తెలుగులో రాశాను. ఇంత చెప్పీ, ఈ జాగ్రత్త మాత్రం మానలేకపోయాను. అయినా మీకు చెప్పాను. గుండెల్లో కాస్త తేలిగ్గా ఉంది. ఈ పూట నిద్ర పడుతుందేమో చూస్తాను.