కొండల్ రావుకి నేనందించిన జవాబులు

ఐర్లండ్‌లో మా కిల్కెన్నీ టీమ్ కప్పు ఎలా గెలిచిందని అడిగేవాళ్లకి ఒకటే చెప్తాను. బంతి విసరడం మానేసి గెలిచింది. అమెరికన్ ఫుట్‌బాల్ అంటే టీవీ చూసేవాళ్లకి ఆకాశంలో ఎగిరే బంతే గుర్తొస్తుంది. ఇక్కడ వాన అడ్డంగా కురుస్తుంది, బంతి సబ్బుముక్కలా జారిపోతుంది. అందుకే మా కోచ్ డెక్లన్ మొదటి రోజే తేల్చేశాడు. ఆయన ఇళ్లు కట్టే మేస్త్రీ, మాట తక్కువ మనిషి. బంతి చంకలో పెట్టుకుని పరిగెత్తండి, అవతలివాడు పరిగెత్తితే పడగొట్టండి, అంతకు మించి నాకేమీ వద్దన్నాడు. ఆ రెండు పనులకీ ఆయనకి దొరికిన మనిషి, సూర్యాపేట పక్క పల్లెలో కబడ్డీ ఆడుతూ పెరిగిన కొండల్ రావు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇది సగం కథే అవుతుంది. నా పేరు మధుసూదన్, మాది తెనాలి. కిల్కెన్నీలో పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నలభై ఏడేళ్లు, బొజ్జ, నోటిదురుసు. టీమ్‌లో నా పని గొలుసు పట్టుకోవడం. ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి, పోలేకపోతే బంతి అవతలివాళ్లది. ఆ పది గజాలు కొలిచే గొలుసుకి రెండు చివర్లా రెండు కర్రలుంటాయి. ఒక కర్ర నాది. గీత పక్కనే నిలబడతాను కాబట్టి ఆటగాళ్ల ఊపిరి కూడా వినిపిస్తుంది.

ఊపిరి అని ఊరికే అనలేదు. కొండల్ రావు బంతి తీసుకుని పరిగెత్తేటప్పుడు పళ్ల మధ్య నుంచి "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉండేవాడు. కూత ఆగితే ఔటైపోయినట్టేనని ముప్ఫై ఒక్కేళ్ల మనిషికి ఇంకా భయం. అవతలి జట్టువాళ్లు అదేదో మంత్రమనుకుని బెదిరేవారు. నేను పొట్ట పట్టుకుని నవ్వేవాణ్ణి.

కబడ్డీలో అతను జిల్లా జట్టు దాకా వెళ్లాడు. స్పోర్ట్స్ కోటాలో రావలసిన ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోయింది. ఐర్లండ్ వచ్చి, వాటర్‌ఫోర్డ్‌లో ఎమ్మెస్సీ చదివి, కిల్కెన్నీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో కుదిరాడు. ఆఫీసులో పేరు పలకలేక కేఆర్ అనేవారు. ఒక ఆదివారం పార్కులో కొందరు ఒకళ్లనొకళ్లు కిందపడేసుకోవడం చూసి, జాకెట్ తీసి భార్య సూర్యప్రభ చేతికిచ్చి, నేనూ ఒకసారి ప్రయత్నిస్తానన్నాడట. వంద కిలోల మనిషి బంతితో వస్తుంటే వీడు నేలబారుగా దూకి, రెండు చేతులూ చీలమండకి వేసి లాగేశాడు. డెక్లన్ అక్కడే పేరు రాసుకున్నాడు.

ఆ పట్టే మమ్మల్ని గెలిపించింది, ఆ పట్టే వాడి కొంప ముంచింది. కబడ్డీలో కాలు పట్టాలంటే తల దించి దూకాలి. అక్కడ ఎదురుగా ఉండేది వట్టికాళ్ల మనిషి, అదీ చిన్న కోర్టులో. ఇక్కడ మనిషి ముప్ఫై గజాల నుంచి మోకాళ్లు ఎగరేసుకుంటూ వస్తాడు. తల పైకెత్తు, భుజంతో కొట్టు అని డెక్లన్ మూడేళ్లు మొత్తుకున్నాడు. ఇక్కడివాళ్లు బాగుంది, సరే అనడానికి వాడే మాటతో, గ్రాండ్, గ్రాండ్ అనేవాడు మావాడు. ప్రాక్టీసులో తల ఎత్తేవాడు కూడా. మ్యాచ్ బిగిసిందంటే మాత్రం చిన్నప్పటి ఒళ్లు మేలుకునేది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా.

ఆ ఏడాది మా డిఫెన్స్ మీద ఎవరి ఆటా సాగలేదు. ఒక్కో మ్యాచ్‌లో మేం చేసే పాయింట్లు పదీ పన్నెండు దాటేవి కావు, అవతలివాళ్లకి అవీ దక్కేవి కావు. సెమీఫైనల్ మా ఊళ్లోనే జరిగింది. మూడొందల మంది గొంతు చించుకుని "కొండల్, కొండల్" అని అరుస్తుంటే నా కళ్లు చెమర్చాయి. పదకొండేళ్లలో నా పేరు ఈ దేశంలో ఎవడూ పూర్తిగా పలకలేదు. మనవాడి పేరు పలుకుతున్నారు కదా అని పొంగిపోయాను.

సెకండాఫ్‌లో మావాడు తల దించి దూకాడు. అవతలివాడి మోకాలు సూటిగా హెల్మెట్‌కి తగిలింది. లేచాడు, కానీ అవతలి జట్టు బెంచీ వైపు నడిచాడు. ఫిజియో షినేడ్ పరిగెత్తుకొచ్చి, చెయ్యి పట్టుకుని నా కర్ర పక్కకే తీసుకొచ్చింది. తలకి దెబ్బ తగిలితే అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఇది ఏ ఊరు, ఇది ఏ సగం, చివర పాయింట్లు చేసింది ఎవరు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా. ఒక్కటి తప్పినా ఆ రోజుకి ఆట లేదు. తర్వాత డాక్టరు సరేననేదాకా ఫైనలూ లేదు.

మొదటి ప్రశ్నకే కొండల్ రావు నా వైపు చూశాడు. పరీక్ష హాల్లో ఏమీ గుర్తురాని కుర్రాడు పక్క బెంచీ వైపు చూసే చూపు అది. తెనాలి కాలేజీలో నేను అలా అందించి పాస్ చేయించినవాళ్లు నలుగురున్నారు, ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. కర్ర మీదికి వంగి, మెల్లగా తెలుగులో అన్నీ చెప్పేశాను. కిల్కెన్నీ. రెండో సగం. మనమే చేశాం. పోయినసారి గెలిచాం. వాడు ఒక్కొక్కటే ఇంగ్లీషులో అప్పజెప్పాడు.

ఏం మాట్లాడుతున్నావని షినేడ్ నన్నడిగింది. ప్రార్థన చేయిస్తున్నానన్నాను. పాపం, ఆ పిల్ల గౌరవంగా తల వంచి ఒక్క క్షణం ఆగింది కూడా. వాడు తిరిగి ఆటలోకి పోయాడు, మేం గెలిచాం. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఫైనల్‌కి రెండు వారాలు. మధ్యలో సూర్యప్రభ నాకు ఫోన్ చేసింది. క్రెష్‌లో పసిపిల్లల్ని చూసుకునే ఉద్యోగం ఆమెది, ఊరికే కంగారుపడే మనిషి కాదు.

"అన్నా, ఈయన లైట్లన్నీ ఆర్పేసి కూసుంటుండు. రెండుసార్లు వాంతి చేసుకుండు. నిన్న ఉప్పుడబ్బా ఫ్రిజ్‌ల పెట్టిండు. మీరు అడుగుతే నిజం చెప్తడు, జర అడగరాదు?"

సీజన్ అలసటమ్మా, గ్రాండ్‌గా ఉన్నాడు అన్నాను. అడగకపోలేదు. కారులో అడిగితే తల లోపల గంట మోగుతున్నట్టుందని, ఎవరికీ చెప్పొద్దని అన్నాడు. ఒక్క మ్యాచే కదరా, తర్వాత ఏడాదంతా పడుకో అన్నాను. ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్లాడా అని షినేడ్ అడిగితే, చూశాడు, ఏమీ లేదన్నాడు అని మెసేజ్ పెట్టింది కూడా నేనే. వాడి చేత అబద్ధం ఆడించడమెందుకు, నేనే ఆడితే పోలా అనుకున్నాను. ఛీ.

ఫైనల్ డబ్లిన్‌లో. అక్కడి శివారు బ్లాంచర్డ్స్‌టౌన్ నుంచి పది తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలతో వచ్చాయి. వాన. రెండు జట్లూ బంతి విసరలేకపోయాయి. ఆఖరి నిమిషానికి మేం ఏడు, వాళ్లు మూడు. బంతి వాళ్లది, మా గోల్ గీతకి ఒక్క గజం దూరం, ఒక్కటే ప్రయత్నం మిగిలింది. దాటితే ఆరు పాయింట్లు, వాళ్లది కప్పు, ఆపితే మాది. కొండల్ రావు నాకు ఐదడుగుల దూరంలో వంగి నిలబడ్డాడు. తల ఎత్తు అని నేను తెలుగులో అరిచాను. అదొక్కటే ఆ ఏడాదంతటిలో వాడికి నేను చెప్పిన సరైన మాట, అదీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

వాడు తల దించి దూకాడు. చీలమండ దొరికింది. బంతితో వచ్చిన అంత మనిషీ గీత దాటకముందే కూలిపోయాడు. విజిల్ మోగింది. డెక్లన్ బురదలో మోకాళ్ల మీద పడి ఏడ్చాడు, జట్టంతా ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. నాకు మాత్రం కొండల్ రావు గొంతు వినిపిస్తోంది. బోర్లా పడి, కాలు వదలకుండా, "కబడ్డీ కబడ్డీ" అంటూనే ఉన్నాడు. ఆట అయిపోయిందిరా, వదులు అన్నాను. కూత మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. చేతుల పట్టు మాత్రం ముగ్గురం కలిసి విడిపించాల్సి వచ్చింది.

మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచిపోతుందట. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశారు. తొమ్మిది వారాలకి కళ్లు తెరిచి మనుషుల్ని గుర్తుపట్టాడు. కుడి చెయ్యి లేవదు. చెంచా పట్టిస్తే పట్టుకుంటాడు, దాంతో ఏం చెయ్యాలో చెప్పాలి. డెక్లన్ పతకం తెచ్చి మెడలో వేస్తే ఇది ఎవరిదని అడిగాడు. సూర్యప్రభ క్రెష్ ఉద్యోగం మానేసింది. సెమీఫైనల్ సంగతి ఆమెకి తెలియదు, నేను చెప్పలేదు. పైగా ప్రతి మంగళవారం డబ్లిన్ రీహాబ్ ఆస్పత్రికి కారులో తీసుకెళ్తుంటే, సొంత అన్న కూడా ఇంత చెయ్యడని నలుగురిలో చెప్పేది. వింటూ కూర్చునేవాణ్ణి.

పోయిన మంగళవారం కొత్త డాక్టరమ్మ వచ్చింది. కొండల్ రావు చక్రాల కుర్చీలో, ఒక పక్క సూర్యప్రభ, ఒక పక్క నేను. డాక్టరమ్మ నెమ్మదిగా మొదలుపెట్టింది. ఇది ఏ నెల? మీరుండేది ఏ ఊరు? వాడు మెడ తిప్పి నా వైపు చూశాడు. అదే చూపు. జవాబులు నా నాలిక చివరే ఉన్నాయి. పెదవులు బిగించుకున్నాను.

"అన్నా, అప్పట్లెక్క చెప్పు," అన్నాడు. "ఆమెకు తెలుగు రాదు."

సూర్యప్రభ నా మొహంలోకి చూసింది.

"అప్పట్లెక్క అంటే ఏందన్నా?"

చెప్పాను. కర్ర దగ్గర అందించిన జవాబులు, షినేడ్‌తో ప్రార్థన అన్న మాట, పెట్టిన మెసేజ్, అన్నీ చెప్పాను. డాక్టరమ్మ ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. సూర్యప్రభ లేచి, కుర్చీ బ్రేకు తీసి, నేను కనపడకుండా మొగుణ్ణి తన వైపు తిప్పుకుంది. మోకాళ్ల మీద కూర్చుని వాడి చెయ్యి పట్టుకుంది.

"ఎవరి దిక్కు చూడకు. తెల్వకపోతే తెల్వదని చెప్పు," అంది.

వాడు డాక్టరమ్మ వైపు మెడ తిప్పాడు.

"తెల్వదు," అన్నాడు.

ఆమె దాన్ని డాక్టరమ్మకి ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది. నేను బయటికొచ్చి, కారు తలుపు తీసి పెట్టుకుని వానలో నిలబడ్డాను. గంట తర్వాత వాళ్లు రైల్వే స్టేషన్‌కి టాక్సీ పిలిపించుకుని వెళ్లిపోయారు.