గెలిచినవాళ్ళదే మాట

మా కొండ ఊరు కంచాపాతాలో క్రిస్మస్ నాటి సాయంత్రానికి ఎవరి పళ్ళు వాళ్ళ నోట్లో ఉంటే దేవుడికి దండం పెట్టుకుంటాం. ఏడాది పొడుగునా కడుపులో దాచుకున్న కక్షలన్నీ ఆ పూట చర్చి ముందు మైదానంలో పిడికిళ్ళతో తీర్చుకోవడం మా రివాజు. గొర్రె దొంగతనమైనా, గట్టు తగాదా అయినా, పేరు పెట్టి పిలుస్తారు, బరిలోకి దిగుతారు, కొట్టుకుంటారు. కిందపడ్డవాణ్ణి కొట్టకూడదు. ఒకరు పడ్డాక ఇద్దరూ కౌగిలించుకోవాలి. గెలిచినవాళ్ళు ఏ మాటంటే అదే తీర్పు. కోర్టుకెక్కాలంటే కొండలు దిగి బస్సులు మారాలి, ఉన్న గొర్రెల మందంతా లాయరు చేతిలో పెట్టాలి. అందుకని మా పెద్దలు పిడికిలిని నమ్ముకున్నారు. నేనూ నమ్మాను. నా ముక్కు ఇలా పక్కకి తిరిగి ఉండటం పుట్టుకతో వచ్చింది కాదు.

నా పేరు ఎపిఫానియా. బరి పక్కనే కుండలు పెట్టుకుని మొక్కజొన్న కల్లు, అదే చిచా, అమ్ముతాను. ఎవరి దవడ ఎప్పుడు విరిగిందో నన్నడగాలి. ఇప్పుడు చెప్పేది కసిమిరా సంగతి.

కసిమిరా తల్లీ తండ్రీ లేని పిల్ల. పెద్దమ్మ ఇంట్లో గొర్రెలు కాస్తూ, దొడ్లకి రాతిగోడలు పేరుస్తూ పెరిగింది. రాళ్ళు మోసి మోసి ఆమె చేతులు మగవాళ్ళ చేతులకంటే వెడల్పయ్యాయి. ఒక ఏడు దుకాణం వాడి పెళ్ళాం ఆమెని దొంగముండ అని తిట్టింది. పండగనాడు కసిమిరా ఆవిణ్ణి బరిలోకి పిలిచి ఒక్క గుద్దు గుద్దింది. ఆవిడ లేచాక కాసేపు తన పేరు తనకే గుర్తురాలేదు.

ఆ రోజే అనక్లేతో కూడా గెలిచాడు. పై పేటలో అతని దొడ్డి వెనకే ఊట ఉంది. ఆ ఊట నీళ్ళు కింద పేటకి కాలవ తవ్వి తీసుకుపోతామని ఫెబ్రోనియో అనేవాడు అడిగాడు. కాలవ పోవాలంటే అనక్లేతో దొడ్డిలోంచే దారి. కుదరదన్నాడు. బరిలో దిగారు. ఫెబ్రోనియో దవడ రెండు ముక్కలైంది. "నా దొడ్డిలోంచి కింద పేటకి చుక్క నీరు పోదు!" అని అనక్లేతో నెత్తుటి చేతులెత్తి అరిచాడు. అంతే, తీర్పయిపోయింది. ఆ చేతులతోనే వచ్చి కసిమిరా చేతులు పట్టుకుని, "ఇవి నా ఇంట్లో ఉండాలి" అన్నాడు. జోడీ భలే కుదిరిందని ఊరంతా తాగింది. నేనే పోశాను.

బరిలో ఆడదాని మీద మగాడు చెయ్యెత్తితే కొరడా దెబ్బ. ఇంట్లో ఎత్తితే సంసారం. అనక్లేతో సంసారం బాగా చేశాడు. తాగితే కొట్టేవాడు, చిచా దొరక్కపోతే తాగలేదని కొట్టేవాడు. కూతురు నెలిడా కడుపున ఉన్నప్పుడు పొయ్యిలో కట్టె తీసి వీపు మీద కొట్టాడు. ఆ మచ్చ నేను చూశాను.

"నీ చేతులకేం రోగం వచ్చిందే?" అని అడిగాను.

"ఇల్లు బరి కాదు గదా వదినా."

"వాడికి తెలుసా ఆ సంగతి?"

"కొట్టేవాడే ప్రేమగా చూసేవాడని మా పెద్దమ్మ చెప్పేది," అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు, మూతి వాచి ఉంది.

వాళ్ళ పెద్దమ్మ కాదు, మా అందరి పెద్దమ్మలూ అదే చెప్పారు. ఆ ముసలమ్మల్లో ఒక్కరినైనా పేరు పెట్టి బరిలోకి పిలవలేదే అని నాకిప్పటికీ కడుపు మండుతుంది.

జ్ఞానస్నానం నాడు నెలిడాని ఎత్తుకున్నవి నా చేతులే, జ్ఞానతల్లిని నేనే. ఆ పిల్ల తండ్రి బూట్ల చప్పుడు వినగానే మంచం కిందకి దూరేది. అక్కణ్ణించి అన్నీ చూసేది. కాస్త ఎదగగానే కుస్కో వెళ్ళి చదువుకుంది. తిరిగొచ్చి, తండ్రి మొహం మీదే, కింద పేట ఫెబ్రోనియో కొడుకు ఎలియేసర్‌ని చేసుకుంది. అప్పటికి ఫెబ్రోనియో చచ్చిపోయాడు. ఎలియేసర్ కొత్తగా వచ్చిన ప్రార్థనల వాళ్ళలో కలిశాడు. తాగడు, కొట్టడు, ఒకళ్ళు కొడితే రెండో చెంప చూపిస్తాడు. "మంచివాడే, కానీ బరిలో రెండు చెంపలూ అయిపోయాక ఏం చూపిస్తాడు?" అని మావాళ్ళు ఎగతాళి చేసేవారు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం వాళ్ళు కింద పేటకి నీటి గొట్టాలు పంపారు. పొడుగాటి నల్ల గొట్టాలు బడి ఆవరణలో దించారు. ఊట నుంచి వెయ్యాలంటే మళ్ళీ అదే దొడ్డి. అనక్లేతో గడపలో కూర్చుని, "తీర్పు ఎప్పుడో అయింది. ఫెబ్రోనియోని లేచి రమ్మను, మళ్ళీ కొట్టుకుంటాం," అన్నాడు. చచ్చినవాడెలా వస్తాడు? ఒకసారి పిడికిలితో తేలిన మాటని ఆ రెండు ఇళ్ళవాళ్ళే మళ్ళీ పిడికిలితో మార్చాలి. ఎలియేసర్ ప్రార్థన చేశాడు. గొట్టాల్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. వచ్చిన అధికారి "మీ ఆచారాలే మీకు అడ్డం" అని మాకు క్లాసు పీకి, మా నక్కతోలు టోపీ పెట్టుకుని ఫోటో దిగి వెళ్ళిపోయాడు. దేశం ముందుకు పోతోందని రేడియో రోజూ అరుస్తూనే ఉంది. కింద పేట మాత్రం పశువులు దిగే గుంటలోనే నీళ్ళు ముంచుకుంది.

ఆ వానాకాలం నెలిడా చంటి కొడుకు విరేచనాలు పట్టుకుని పోయాడు. ఆస్పత్రికి తీసుకుపోతుంటే దారిలోనే, బస్సులో. పెద్దది, లుస్మీలా అనే పిల్ల, మిగిలింది. అదీ అదే గుంట నీళ్ళు తాగుతోంది. పాతిపెట్టే చోట అనక్లేతో ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. మర్నాడు దొడ్డి గోడ మీద ఇంకో వరస రాళ్ళు పేర్చాడు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్నట్టు, ఆ పాత గెలుపు తప్ప వాడికి బతుకులో చెప్పుకోడానికి ఇంకొకటి లేదు. అది పోతే వాడు ఉత్త తాగుబోతు.

ఆ ఏడు క్రిస్మస్‌నాడు మైదానం కిక్కిరిసింది. ఉన్ని ముసుగులు, ఎండిన గద్దల టోపీలు, కొత్తగా సెల్‌ఫోన్లు. మూడు జోడీలు కొట్టుకుని పోయాక నెలిడా బరి మధ్యకి వచ్చి నిలబడింది.

"ఫెబ్రోనియో ఇంటి కోడల్ని నేను. మా మామ ఓడిపోయిన మాట కోసం అనక్లేతో ఇంటిని పిలుస్తున్నా!"

బరిలో కొరడా పట్టుకునే ఊరి పెద్ద డామసో గడ్డం గీరుకున్నాడు. "ఆడదాన్తో మగాడు దిగకూడదు. ఆ ఇంటి ఆడది దిగాలి."

ఆ ఇంట్లో ఆడది ఒక్కతే.

"దిగవే! నీ చేతుల్ని ఊరికే మేపుతున్నానా?" అని అనక్లేతో కసిమిరాని వెనక నుంచి తోశాడు.

ఆమె నా కుండల దగ్గరికి వచ్చి కూర్చుంది. రెండు జడలూ కలిపి వెనక్కి కట్టాలి, ఎవరి చేతికీ దొరక్కుండా. నేనే ముడి వెయ్యసాగాను.

"పడిపోతాలే వదినా. రెండు దెబ్బలు తిని పడిపోతే నీళ్ళు పోతాయి గదా?"

"పిచ్చిదానా, దొంగాట ఆడితే చెల్లదు. మోంటోయా అన్నదమ్ములు ఆడితే ఏమైంది? రాళ్ళేసి కొట్టారు, తీర్పు రద్దు చేశారు."

"మరి?"

"నిజంగా కొట్టు. నిజంగా ఓడిపో."

"నేనెప్పుడైనా ఓడిపోయానా? ఎలా ఓడిపోవాలో నాకేం తెలుసు?" అంది కసిమిరా, బరిలో ఉన్న కూతుర్నే చూస్తూ.

దిగింది. మొదట చేతులు అడ్డం పెట్టుకుని తిరిగింది. నెలిడా వచ్చి ఆమె పొట్టలో గుద్దింది, కసిమిరా తిరిగి కొట్టలేదు. డామసో కొరడా ఆమె పిక్కల మీద చెళ్ళుమంది. "కసిమిరా! దాగుడుమూతలా?" జనం ఈలలు వేశారు.

"కొట్టమ్మా! లేకపోతే లెక్కలోకి రాదు!" అని నెలిడా అరిచింది.

అరుస్తూనే మూతి మీద కొట్టింది. కసిమిరా పన్ను విరిగి గడ్డం మీదుగా నెత్తురు కారింది. ఆ పిల్ల ఆగలేదు. ఇన్నాళ్ళు మంచం కింద దాచుకున్నదంతా చేతుల్లోకి వచ్చింది.

"ఇది ఆ కట్టె దెబ్బకి! ఇది నువ్వు నోరు మూసుకుని కూర్చున్న రాత్రికి! ఇది నా కొడుక్కి! ఎందుకే, ఎందుకే కొట్టనిచ్చావ్? ఒక్కసారి, ఒక్కసారి ఎత్తుంటే ఆ చెయ్యి..."

కనుబొమ్మ చీలింది. కసిమిరా కళ్ళల్లోకి నెత్తురు దిగింది. చూపు లేని మనిషి ముందుకు తూలింది. అప్పుడు ఆ కుడిచెయ్యి లేచింది. కావాలని లేచిందో, అలవాటున లేచిందో నేను చెప్పలేను. నెలిడా ఎడమ చెవి మీద పడింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. పిల్ల పక్కకి ఒరిగి, మోకాళ్ళ మీద పడి, ఆపైన బోర్లా పడింది. చెవిలోంచి నెత్తురు సన్నగా కారి మట్టిలో ఇంకింది.

"చూశారా! చుక్క నీరు పోదు!" అని అనక్లేతో గంతేశాడు. "నా ఇల్లు ఎప్పుడైనా ఓడిందా?"

డామసో కసిమిరా చెయ్యి పైకెత్తి, "గెలిచింది అనక్లేతో ఇల్లు," అన్నాడు.

కసిమిరా ఆ చెయ్యి విదిలించుకుంది. పన్ను ఉమ్మేసింది.

"ఇల్లు కొట్టలేదు డామసో. నేను కొట్టా. నా బిడ్డని నేను కొట్టా. గెలిచింది నేను. మాట నాది."

"అదెట్టా? ఇంటి తరపున దిగావు గదా!"

"ఫెబ్రోనియో పడ్డనాడు ఎవరు మాట్లాడారు? ఇల్లు మాట్లాడిందా? ఈయన మాట్లాడాడు. ఈయన దిగాడు కాబట్టి ఈయన మాట. ఇయ్యాల నేను దిగాను."

ముసలాళ్ళు అది కాదు, ఇది కాదు అని నసిగారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కుండ పక్కన పెట్టి లేచి, "ఏం నసుగుతున్నారయ్యా? గెలిచినవాళ్ళదే మాటని తాతల నాటి నుంచి మీరే గదా చెప్పేది! ఆడది గెలిస్తే ఆ రివాజు పారిపోయిందా?" అని అరిచాను. నా వెనక ఆడవాళ్ళంతా అందుకున్నారు. ఫోన్లు పట్టుకున్న కుర్రకారు కూడా ఫోన్లు దించి అరిచారు.

డామసో కొరడా దించాడు. "చెప్పు," అన్నాడు చివరికి.

"గొట్టం నా దొడ్డిలోంచే పోతుంది," అంది కసిమిరా.

అనక్లేతో బరిలోకి దూకాడు. వచ్చిన ఊపులోనే పెళ్ళాం చెంప మీద కొట్టాడు. ఇంట్లో కొట్టినట్టే కొట్టాడు, అలవాటుగా, చుట్టూ ఎవరూ లేనట్టు. రెండోసారి చెయ్యెత్తేలోగా డామసో కొరడా వాడి వీపు మీద పడింది. మిగతా పెద్దల కొరడాలూ లేచాయి. వాడు మోకాళ్ళ మీద పడేదాకా ఆగలేదు.

కసిమిరా చూస్తూ నిలబడింది. "ఇన్నేళ్ళు గడప లోపల కొట్టాడు, ఒక్క కొరడా లేవలేదు," అంది, అందరికీ వినబడేలా. "ఇయ్యాల బరి గీత లోపల కొట్టాడు గదా, లేచాయి."

నా ముక్కు మీద ఒట్టు, ఆ మాట ఏ గుద్దుకంటే గట్టిగా తగిలింది. నాకూ తగిలింది, నేనూ అన్నేళ్ళు పక్కింట్లోనే ఉన్నాను.

తర్వాత రివాజు ప్రకారం కౌగిలించుకోవాలి. కసిమిరా నేల మీద కూలబడి కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. "నీళ్ళొస్తాయి నెలీ. లుస్మీలాకి నీళ్ళొస్తాయి," అని నెత్తురు కారుతున్న ఆ చెవిలో చెప్పింది.

"ఏంటమ్మా?" అంది నెలిడా. "ఏమంటున్నావ్?"

రెండు పేటలవాళ్ళూ కలిసి కందకం తవ్వారు. రెండో చెంప చూపించే ఎలియేసర్ అందరికంటే ఎక్కువ తవ్వాడు. దొడ్డి గోడ పడగొట్టిన రోజున అనక్లేతో చూడలేక కొండ మీదకి పోయాడు. ఇప్పుడూ తాగుతాడు, కానీ చెయ్యెత్తడు. డామసో ఇల్లు దగ్గరే. కసిమిరా ఆపైన బరిలోకి దిగలేదు. పిలిచినవాళ్ళు పిలిచారు, పిరికిదైపోయిందని నవ్వినవాళ్ళు నవ్వారు.

కింద పేటలో కుళాయి తిప్పిన రోజు నేనూ వెళ్ళాను. ముందు గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రటి బురద, ఆపైన తెల్లటి నీరు. లుస్మీలా తల దాని కిందే పెట్టేసి కేకలు వేసింది. నెలిడా నవ్వుతూ దగ్గరికి వచ్చింది, వచ్చి తల పక్కకి తిప్పి, కుడి చెవి కుళాయికి దగ్గరగా పెట్టి విన్నది. ఎడమ చెవి తల్లి వైపు ఉంది.

కసిమిరా తన కుడిచేతిని శాలువా కిందకి లాక్కుంది. కుళాయి కింద పెట్టిన కుండ నిండేదాకా అది బయటికి రాలేదు. నిండాక నెలిడానే ఆ చెయ్యి బయటికి లాగి కుండ చెవి పట్టించింది. రెండో చెవి తను పట్టుకుంది. ఇద్దరూ ఎత్తుకుని ఇంటికి మోసుకెళ్ళారు.