గల్లీలో మా అడుగుల చప్పుడు

నేను పత్రికలో చేరిన కొత్తలో బాపు ఒక మాట అడిగాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఛత్రినాకలో మా ఇంటి గడప దగ్గర కూర్చుని డ్యూటీ బూట్లు తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"లొల్లి అయితే జనమంతా అటుకెల్లి ఇటు ఉరికొస్తరు. నువ్వేందిరా, ఇటుకెల్లి అటు పోతవు? భయం గిట్ల లేదా నీకు?"

"ఉంటది బాపు. కానీ ఆడికి పోయినంక కనవడదు," అన్నాను.

ఆయన నవ్వలేదు. నేను నవ్వులాటకు అన్నా అది నిజమే. ఎనభైల మొదట్లో పాతబస్తీలో కర్ఫ్యూ పడడం, సడలడం, మళ్ళీ పడడం మాకు అలవాటైపోయింది. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణని ఆ వార్తలన్నీ నాకే అప్పగించేవారు. రాళ్ళు పడుతున్న చోట నిలబడ్డాను. లాఠీల మధ్య ఇరుక్కున్నాను. ఒకసారి సోడాసీసా నా చెవి పక్క నుంచి వెళ్ళి గోడకు తగిలి పగిలింది. అప్పుడు కూడా నాకు భయం వేయలేదు. తలలో వాక్యం తయారవుతూ ఉండేది. 'అల్లరిమూకలు సోడాసీసాలు రువ్వగా పోలీసులు లాఠీచార్జి చేశారు.' వాక్యం కుదిరిందంటే చాలు, ఆ సీసా నిన్నటిదైపోయేది. నేను మాత్రం రేపటి పేపరు చదువుతున్నవాడిలా నిలబడి ఉండేవాణ్ణి.

నాతో వచ్చే ఫోటోగ్రాఫరుది శాలిబండ. నాకంటే కొంచెం చిన్నవాడు, నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. అతను ముస్లిం, నేను హిందువు. ఎప్పుడూ మాట్లాడుకుని పెట్టుకున్నది కాదు గాని మా మధ్య ఒక పద్ధతి ఉండేది. కొన్ని గల్లీల్లో అతను ముందు నడిచి మాట్లాడేవాడు, నేను నోరు విప్పేవాణ్ణి కాదు. కొన్ని గల్లీల్లో నేను ముందు, అతను వెనక. ధైర్యం గురించి అడిగితే అతను మెడలోని కెమెరా చూపించేవాడు.

"దీనికి కన్ను ఆనించిన్నంటే ఫికరే ఉండదన్నా. లోపల అందరు చిన్నగ కనవడతరు. గంత చిన్నోళ్ళు మనల్నేం చేస్తరు?"

నేను చెప్పబోయే రోజు కూడా మేమిద్దరమే వెళ్ళాం. ఆ విడత కర్ఫ్యూ పెట్టి కొన్ని రోజులైంది. మధ్యాహ్నం ఎండలో చార్మినార్ దగ్గర పోలీసు పికెట్ పక్కన స్కూటర్ పెట్టి, కర్ఫ్యూ పాసులు చూపించాం. కానిస్టేబుల్ పాసులు చూడకుండానే తిరిగిచ్చేశాడు.

"లోపలికి పోకుండ్రి సార్. అంతా శాంతంగ ఉంది."

"శాంతంగ ఉంటే పోతే ఏమైతది?"

"శాంతంగ ఉంది కాబట్టే పోవద్దంటున్న," అన్నాడతను.

ఆ మాటకు కూడా మేం నవ్వుకున్నాం.

లాడ్ బజార్ మూసి ఉంది. మామూలు రోజుల్లో భుజం భుజం తగలకుండా నడవలేని ఆ వీధిలో పావురాలు రోడ్డు నడిమధ్య తాపీగా తిరుగుతున్నాయి. మేం దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు, పక్కకు జరిగాయి. ఎవరో పారిపోతూ జారవిడిచిన గాజుల మూట పగిలి, చెప్పుల కింద పెంకులు కరకరలాడాయి. భాయ్ రెండు మూడు ఫోటోలు తీశాడు. తర్వాత వెనక గల్లీలోకి తిరిగాం. లక్క గాజులు ఇళ్ళలోనే చేసే గల్లీ అది. ఎప్పుడూ వేడి లక్క వాసన కమ్ముకుని ఉండేది. ఆ రోజు చల్లారిన బూడిద వాసన వచ్చింది.

గల్లీలో నడుస్తూ భాయ్ మా న్యూస్ ఎడిటర్ ఫోన్లో మాట్లాడే గొంతు అనుకరించాడు. "ఉద్రిక్తంగా ఉందా, ప్రశాంతంగా ఉందా? ఏదో ఒకటి చెప్పవయ్యా, హెడ్డింగు పెట్టుకోవాలి!" అచ్చం ఆయనే. నేను పగలబడి నవ్వాను. ఆ నవ్వు రెండు వైపుల గోడలకు తగిలి మా ముందుకే వెళ్ళింది.

అప్పుడు నాకు ఒకటి తెలిసింది. ముందున్న ఇంట్లో ఎవరో గిన్నెలు తోముతున్న చప్పుడు వస్తోంది. మేం ఆ ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. దాని తర్వాతి ఇంట్లో రేడియో చిన్నగా మోగుతోంది. అదీ ఆగింది. ఇంకో ఇంట్లో పసిపాప ఏడుస్తోంది. ఆ ఏడుపు తగ్గుతూ తగ్గుతూ ఆగలేదు, మధ్యలో తెగిపోయింది. మేం దాటి వెళ్ళాక కూడా ఏ ఇంట్లోనూ చప్పుడు మళ్ళీ మొదలు కాలేదు.

నేను ఆగాను.

"విన్నవా భాయ్?"

"ఏంది?"

"ఏం వినవడ్తలేదు గదా, అదే."

అతను అటూ ఇటూ చూశాడు. వీధి కుళాయి కింద ఎవరిదో బిందె నిండి పొర్లుతోంది. కుళాయి కట్టేవాళ్ళు లేరు. నీళ్ళు మా చెప్పుల కిందికి పారి వస్తున్నాయి. ఇద్దరం ఆ నీళ్ళను చూస్తూ నిలబడ్డాం. ముందుకు పోవాలో వెనక్కి పోవాలో తేల్చుకోలేకపోయాం. నా తలలో వాక్యం తయారు కాలేదు. జరిగినదేమీ లేదు, ఇక దేని గురించి రాయను?

పక్కనే గోనె పరదా కదిలింది. వెనక నుంచి ఆడగొంతు, గుసగుసగా.

"అందర్ ఆవో. జల్దీ. ఆడ నిలవడకుండ్రి!"

ఎందుకు, ఏమిటి అని అడగకుండా దూరిపోయాం. వెంటనే తలుపు గొళ్ళెం పడింది.

లోపల చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక ఒక ముసలమ్మ కనిపించింది. గోడవారగా ఆమె కోడలు పసిబిడ్డను రొమ్ముకు గట్టిగా అదిమి పట్టుకుని కూర్చుంది. నేల మీద చల్లారిన బొగ్గుల కుంపటి, లక్క ముద్దలు, అద్దం ముక్కలు పోసిన పళ్ళెం. ముసలమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుంది. మా పేర్లు అడగలేదు. ఆ అడగకపోవడం నాకు ఇప్పటికీ గుర్తు.

అప్పుడు అడుగులు వినపడ్డాయి. చాలామందివి. చెప్పుల చప్పుడు కాదు. వట్టి కాళ్ళు తడి నేల మీద పడుతున్న మెత్తటి చప్పుడు. అరుపుల్లేవు, నినాదాల్లేవు. నేను చూసిన గుంపులన్నీ కేకలు వేసేవే. కేకలను బట్టి ఎవరో తెలిసేది, ఎటు పారిపోవాలో తెలిసేది. ఈ గుంపు ఎవరిదో తెలియలేదు. ఒక గుంపైతే నాకు ముప్పు, ఇంకో గుంపైతే పక్కనున్న భాయ్‌కి ముప్పు. అతను కూడా అదే ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అడుగులు తలుపు ముందు ఆగాయి. ఎవరో తలుపు మీద గోటితో తట్టారు. చాలా మర్యాదగా, పక్కింటివాళ్ళు తట్టినట్టు.

ముసలమ్మ లేచింది. మమ్మల్ని తలుపు వెనక మూలకు తోసి, లోటాలో నీళ్ళు, గిలాస తీసుకుని, గొళ్ళెం తీసి, తలుపు జానెడు తెరిచింది. సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. గిలాస తీసుకుంది, ఖాళీది తిరిగిచ్చింది. ఇంకో చెయ్యి. ఇంకోటి. ఒక చేతికి గుడ్డ చుట్టి ఉంది, గుడ్డ తడిసి నల్లగా ఉంది. ఒక చేతికి కొత్త వాచీ. అందరూ కుర్రవాళ్ళే, చేతులు చూస్తేనే తెలుస్తోంది. ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె లోటా రెండుసార్లు నింపుకుని వెళ్ళింది. ఆఖరి చెయ్యి గిలాసను గడప మీద చప్పుడు కాకుండా పెట్టింది.

అప్పుడు పక్కకు చూశాను. భాయ్ కెమెరా కంటికి ఆనించుకుని ఉన్నాడు. దానికి మూత పెట్టే ఉంది. మూత పెట్టిన కెమెరాలోంచి ఆ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు, ఊపిరి కూడా వినపడకుండా. నేనైతే పెదవులు కదుపుతున్నానట, అతను తర్వాత చెప్పాడు. 'గుర్తు తెలియని వ్యక్తులు' అనే మాట వరకు వచ్చి, అక్కడి నుంచి ముందుకు పోలేక, మళ్ళీ మళ్ళీ అదే మాట దగ్గరికి వెళ్ళానని నాకు జ్ఞాపకం.

అడుగులు దూరమయ్యాయి. ముసలమ్మ గొళ్ళెం వేసి కూలబడింది. చిన్నప్పుడు పాలమూరు దిక్కు పల్లెలో పెరిగిందట, అందుకే తెలుగు వచ్చని చెప్పింది.

"వాళ్ళు వస్తున్నరని నీకెట్ల తెల్సు అమ్మా? మమ్ముల కాపాడినవ్," అన్నాను.

ఆమె వింతగా చూసింది.

"వాళ్ళొస్తున్నరని నాకేం తెల్సు? నేను మిమ్ముల చూసి భయపడ్డ."

"మమ్ములనా?"

"మరి? ఇన్ని దినాలసంది గీ గల్లీల నవ్విన మనిషి లేడు. మీరు నవ్వుకుంట వచ్చిండ్రు. మెడల ఏందో ఏలాడుతుంది. ఏందో తెల్వది. పోండ్రి పోండ్రి అని మనసుల మొక్కుతున్న. పోయి పోయి మా తలుపు ముంగట్నే నిలవడ్తిరి. పరాయోళ్ళు ఎవరింటి ముంగట నిలవడితే లొల్లి ఆ ఇంటికే వస్తది. అందుకనే గుంజిన లోపలికి."

కోడలు తల ఎత్తకుండా అంది. "మీ అడుగులు విని బిడ్డ నోరు మూసిన. ఇంకా జరసేపైతే ఊపిరాడకపోతుండె."

బిడ్డ ఏడ్వలేదు. పెద్ద కళ్ళతో మమ్మల్నే చూస్తోంది. భాయ్ కెమెరాను మెడలోంచి తీసి చొక్కా లోపల దాచుకున్నాడు.

ఆమె మమ్మల్ని వెనక వాకిట్లోంచి పంపించింది. పక్క గల్లీ మలుపులో ఒక దర్జీ దుకాణం కాలుతోంది. చుట్టూ ఎవరూ లేరు. చూసేవాళ్ళు లేరు, ఆర్పేవాళ్ళు లేరు. వేలాడదీసిన బట్టలు ఒకటొకటిగా అంటుకుంటున్నాయి. భాయ్ ఫోటో తీయలేదు. నేను తియ్యమనలేదు. పికెట్ దగ్గరికి వెళ్ళి చెప్తే కానిస్టేబుల్ వైర్‌లెస్‌లో ఎవరికో చెప్పాడు. స్కూటర్ దగ్గర భాయ్ కిక్ కొట్టబోయి ఆగాడు.

"నువ్వు నడుపన్నా. కాలు నా మాట వింటలేదు."

ఆఫీసులో నేను రాసిన నాలుగు పేరాలను డెస్క్ ఒక వాక్యం చేసింది. చెదురుమదురు సంఘటనలు మినహా పరిస్థితి ప్రశాంతంగా ఉంది. అందులో అబద్ధం లేదు.

నాకు భయం ఎప్పుడు వచ్చిందో చెప్పాలి. కర్ఫ్యూ ఎత్తేశాక, బస్సులు తిరుగుతున్నాక, ఒక సాయంత్రం కూరగాయల సంచితో మా ఛత్రినాక వీధిలోనే నడిచి వస్తున్నాను. పక్కింటి వాకిట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. అంతే. గోడ పట్టుకుని ఇంట్లోకి వచ్చి కూర్చున్నాను. నా భార్య కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఏమైంది? గీ చెమటలేంది?"

"ఆళ్ళు గిన్నెలు తోముడు ఎందుకు ఆపిండ్రు?"

"తోముడు అయిపోయింది కాబట్టి ఆపిండ్రు!" అంది ఆమె. తర్వాత నా ముఖం చూసి, చేతిలోని సంచి అందుకుంది. ఆ రాత్రి నుంచి చాలా రోజులు, నేను వీధిలోకి వస్తుంటే ఆమె లోపల ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉండేది. గరిటె, పళ్ళెం, ఏదో ఒకటి.

భాయ్ ఆ ఏడాదే ఆటల పేజీకి మార్పించుకున్నాడు. స్టేడియంలో ఎప్పుడైనా కలిస్తే అరుపుల మధ్య నా చెవిలో గట్టిగా చెప్పేవాడు, ఇక్కడ బాగుందన్నా, అందరు లొల్లి చేస్తరు అని. ఖాళీ గల్లీలోకి మాత్రం ఒంటరిగా మళ్ళీ వెళ్ళలేదు. శాలిబండలో తన ఇంటికి కూడా పెద్ద రోడ్డు మీద నుంచి చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

నేను ఇంకా కొన్నేళ్ళు అదే పని చేశాను. కాకపోతే నడక మారింది. ఏ గల్లీలోకి వెళ్ళినా మొదట్లోనే నిలబడి, గొంతు సవరించుకుని, నేనెవరో, ఎందుకొచ్చానో గట్టిగా చెప్పి కదిలేవాణ్ణి. తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. తోటి విలేకరులు వెక్కిరించేవారు. కొన్నిసార్లు మేడ మీది నుంచి తిట్లు పడ్డాయి. ఒకసారి కుడితి నీళ్ళు పడ్డాయి. తిట్లు వినపడితే నాకు ప్రాణం కుదుటపడేది.

ఫలక్‌నుమా వైపు ఒకసారి, మళ్ళీ కర్ఫ్యూలోనే, ఒక చిన్న వర్క్‌షాపుల గల్లీకి వెళ్ళాను. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. పొద్దు ఇంకా బాగా ఉంది. గల్లీ మొదట్లో నిలబడి చెప్పాను.

"పేపరుకెల్లి వచ్చిన. ఒక్కణ్ణే ఉన్న. చూసి పోత!"

కొంత దూరం నడిచాను. ఒక షట్టరు వెనక నుంచి, నా మోకాలి ఎత్తులోంచి, ఎవరో నేల మీద పడుకుని మాట్లాడుతున్నట్టు గొంతు వచ్చింది.

"తెల్సు. చూస్తనే ఉన్నం. మెల్లగ పో. ఉరకకు."

వెనక్కి తిరగాలో, ముందుకు పోవాలో ఆ గొంతు చెప్పలేదు. నేను ముందుకే నడిచాను. పరుగెత్తలేదు. షట్టర్ల కింది సందుల్లో వెలుతురు లేదు, కానీ నేను దాటిన ప్రతి సందు దగ్గరా దుమ్ము కొంచెం కదిలింది, ఎవరో ఊపిరి వదిలినట్టు. రైలు పట్టాల దగ్గరికి వచ్చాక స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాను. ఖాళీ బండి ఒకటి వచ్చి ఆగింది. గార్డు దిగి నా దగ్గరికి వచ్చి, ఏమైందని అడిగాడు.

ఏం కాలేదని చెప్పాను. అతను నమ్మలేదు. తన సీసాలోంచి నీళ్ళిచ్చి, బండి కదిలేదాకా నా పక్కనే నిలబడ్డాడు.