కొండేపు, గెడ్డేపు

ముంచింగిపుట్టులో కళ్ళు పరీక్ష చేసే ఉద్యోగం నాది. సంతరోజు తప్ప నాతో మాట్లాడే దిక్కుండదు. మిగతా రోజులు ఒక్కడికే వండుకుని, ఒక్కడినే తిని, గోడలతో దెబ్బలాడుకుంటాను.

ఒక సంతనాడు ఓ ముసలమ్మ ఆరేళ్ళ మనవరాలిని తీసుకొచ్చింది. చదువురానివాళ్ళకి మూడు పళ్ళ దువ్వెనల్లాంటి బొమ్మలున్న అట్ట గోడకి తగిలించి చూపిస్తాం. పళ్ళు ఎటు తిరిగాయో చెబితే చాలు. ఇక్కడ ఆడపిల్లని గుంట అంటారు. ఈ గుంటకి కుడి ఎడమలు తెలీవు. అట్టకేసి తిరిగితే గెడ్డ, అంటే వాగు, ఎడమన ఉంటుంది, కొండ కుడిన. కుడికన్నుతో చూసి "కొండేపు, గెడ్డేపు" అని గడగడా చెప్పేసింది. ఆ కన్ను మూస్తే మాత్రం, "మంచు" అని ఊరుకుంది. అద్దాలు పెట్టినా అంతే.

లోపం మెదడులో. తల వెనకభాగంలో నిలువు గీతకి మేలుకునే కణాలు కొన్ని, అడ్డగీతకి కొన్ని, ఏటవాలు గీతకి కొన్ని ఉంటాయి. వస్తువుల అంచులు వాటివల్లే తెలుస్తాయి. చిన్నతనంలో ఒక కన్ను సరైన బొమ్మ పంపకపోతే, అవి ఆ కంటి మాట వినడం మానేస్తాయి. అద్దాలు పెట్టి, మంచి కన్ను కప్పి, రెండోదానితో పనిచేయించాలి. పెద్దయ్యాక చేస్తే పెద్దగా లాభముండదు.

"మంచి కన్ను మూసేత్తే గుంట ఏ గోతిలోనో పడిపోద్ది బాబూ," అంది ముసలమ్మ.

నాకు ఒళ్ళు మండింది. "నా ఎడమకన్ను ఇలా వదిలేస్తేనే పోయింది. దీన్నీ అలాగే చేస్తావా?" అన్నాను.

"సదువుకున్నోరు అలా కసురుతారేటి?" అని గొణుక్కుంటూ, నేనిచ్చిన అద్దాలూ, కన్ను కప్పే గుడ్డపట్టీలూ సంచిలో వేసుకుని పోయింది.

తర్వాతి సంతకి రాలేదు. ఆ పై సంతకీ రాలేదు. పట్టీలు ఏ పొయ్యిలోకో పోయుంటాయనుకున్నాను. ఆ దిగులు చెప్పుకోవడానికైనా పక్కన మనిషి లేడు.

వానలు వెలిశాక వచ్చారు. గోడ కారుతోందని అప్పటికే అట్టని ఎదుటి గోడకి మార్చాను. గుంట కుడికన్ను కప్పి, పళ్ళు ఎడమకి తిరిగిన బొమ్మ చూపించాను.

"కొండేపు," అంది.

తప్పు. ఇంకోటి చూపించాను. అదీ తప్పే. ప్రాణం ఉసూరుమంది.

"ఏటి బాబూ అలగున్నారు? కొండ అటే కదా," అని ముసలమ్మ ఎడమకి చెయ్యి చూపించింది. అవును మరి, గోడ మారితే కొండ కదులుతుందా? గుంట చెప్పినవన్నీ సరైనవే.

"రోజూ పట్టీ కట్టి నేనే సెయ్యట్టుకుని తిప్పినాను. సెయ్యి ఒగ్గనేదు," అంది ముసలమ్మ.

గుంట పట్టీ విప్పి నాకిచ్చింది. "మీరూ కట్టుకోండి. కనపడతాది."

"నాకింక రాదమ్మా. చిన్నప్పుడే కట్టాలి."

"అయితే మిమ్మల్ని సెయ్యట్టుకుని తిప్పినోలు ఎవలూ నేరా?"

"లేరమ్మా," అన్నాను.